అమ్మానాన్నలతో లండన్ టవర్: థేమ్స్ ఒడ్డు కోటలో ఒక రోజు

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, లండన్‌లో ఏం చూపించమంటారు అని ఇక్కడి మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వేసవి వస్తే చాలు ఎవరో ఒకరు అడుగుతారు. లండన్ ఐ ఎక్కించండి, మైనపు బొమ్మలు చూపించండి, ప్యాలెస్ ముందు ఫొటో తీయండి అని జవాబులొస్తాయి. అవన్నీ తర్వాత చూపించుకోవచ్చు. ముందు ఒక రోజంతా ఖాళీ చేసుకుని లండన్ టవర్‌కి తీసుకెళ్ళండి. మే నెలాఖరులో, పిల్లాడి హాఫ్ టర్మ్ సెలవుల్లో, మేం అయిదుగురం వెళ్ళొచ్చాం. నేను అక్కడికి వెళ్ళడం మూడోసారి. కోటని నిజంగా చూసింది మాత్రం ఈసారే, మా నాన్న పక్కన ఉండబట్టి.

మా నాన్నది పల్నాడు. బెల్లంకొండ మండలంలో, ఒకప్పుడు వజ్రాల గని ఉన్న కొల్లూరికి ఆనుకుని ఉన్న చిన్న పల్లె. పులిచింతల ప్రాజెక్టు కట్టాక కొల్లూరితో పాటు మా పల్లె కూడా కృష్ణ నీళ్ళ కిందికి పోయింది. నాన్న ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటాడు. డెబ్బైకి ఒక్క ఏడాది తక్కువ. మిరప, పత్తి పండించిన మనిషి. విమానం ఎక్కడం ఇదే మొదలు. లండన్‌లో ఏం చూస్తావు నాన్నా అని ఫోన్లో అడిగితే ఒకటే మాట అన్నాడు: "ఆ రాయి ఉందంట గదా, అది చూపియ్యమ్మాయ్."

ఆ రాయి అంటే కోహినూరు వజ్రం. అందుకని ఈ సమీక్షలో సగం కోట గురించి, సగం ఆ రాయి గురించి.

పేరు వినగానే మా అమ్మ ఎత్తైన స్తంభం లాంటిదేదో అనుకుంది. టవర్ అంటారు గానీ ఇది పూర్తి కోట. థేమ్స్ నది ఉత్తరపు ఒడ్డున రెండు వరసల ప్రాకారాలు, వాటి మీద వరసగా బురుజులు, నడిమధ్యలో తెల్లరాతితో కట్టిన పెద్ద చదరపు బురుజు. ఆ మధ్య బురుజే వైట్ టవర్. నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండుని గెలిచిన విలియం 1070ల్లో మొదలుపెట్టించాడు. తర్వాతి రాజులు దాని చుట్టూ గోడలు పెంచుకుంటూ పోయారు. రాజభవనం, ఖజానా, టంకసాల, ఆయుధశాల, జైలు, చివరికి జంతుశాల కూడా ఇదే గోడల మధ్య నడిచాయి.

మేం స్లౌ నుంచి ఎలిజబెత్ లైన్‌లో లివర్‌పూల్ స్ట్రీట్ దాకా వచ్చి, సర్కిల్ లైన్ మారి, రెండో స్టాపు టవర్ హిల్‌లో దిగాం. స్టేషన్లో లిఫ్టు ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు అది ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. బయటికి రాగానే కోట ఎదురుగా కనిపిస్తుంది. ఓపిక, సమయం ఉంటే వెస్ట్‌మినిస్టర్ దగ్గర పడవ ఎక్కి టవర్ రేవులో దిగడం ఇంకా బాగుంటుంది. నీటి వైపు నుంచి చూస్తేనే దీన్ని అక్కడ ఎందుకు కట్టారో తెలుస్తుంది. ఆ రోజుల్లో సముద్రం నుంచి లండన్‌కి వచ్చే ఓడలు దీని కనుసన్నల్లోనే రావాలి.

మేం వెళ్ళినప్పుడు టికెట్టు పెద్దవాళ్ళకు 35 పౌండ్ల చిల్లర. 65 దాటినవాళ్ళకు కొంత తగ్గింపు, పిల్లలకు సగం, అయిదేళ్ళ లోపు వాళ్ళకు ఉచితం. మా అయిదుగురికీ దాదాపు 150 పౌండ్లు అయింది. నాన్న లెక్క వెంటనే మిరపకాయల్లోకి వెళ్ళింది. ఒకటిన్నర క్వింటా పైమాటే అన్నాడు. నిజమే, తక్కువేం కాదు. కాకపోతే లోపల మళ్ళీ దేనికీ విడిగా డబ్బు కట్టక్కర్లేదు. కిరీటాలు, వైట్ టవర్, గోడల మీద నడక, వార్డర్లు, అంటే కోట కాపలాదారులు, తిప్పి చూపించే టూరు, అన్నీ అందులోనే. టికెట్టు మాత్రం కోట సొంత వెబ్‌సైటులోనే కొనండి. మొదటిసారి వెళ్ళినప్పుడు గూగుల్లో ముందు కనబడిన ఒక మధ్యవర్తి సైటులో కొని తలకు ఆరేడు పౌండ్లు అదనంగా పోగొట్టుకున్నాను. అలా కొన్నందుకు లోపలికి త్వరగా వెళ్ళిందీ లేదు, మరోటీ లేదు.

లోపలికి వెళ్ళాలంటే కందకం మీది రాతి వంతెన దాటాలి. అక్కడే నాన్న ఆగిపోయాడు. కందకం నిండా గడ్డి. "నీళ్ళేయి?" అన్నాడు. కొండవీడు, బెల్లంకొండ కోటలు ఎక్కి దిగిన మనిషి. కోట అంటే కొండ ఉండాలి, లేదంటే నీళ్ళుండాలి. ఇక్కడ కొండ లేదు. మరి నీళ్ళేమైనట్టు?

మొదటి ఎడ్వర్డ్ రాజు 13వ శతాబ్దం చివర్లో ఈ కందకం తవ్వించి థేమ్స్ నీళ్ళు మళ్ళించాడు. అయితే థేమ్స్ ఇక్కడ పోటూ పాటూ ఉన్న నది. సముద్రం ఎంతో దూరాన ఉన్నా లండన్ నడిబొడ్డున రోజుకి రెండుసార్లు నీరు పొంగి దిగుతుంది. ఆ పోటు కందకాన్ని కడిగేస్తుందనుకున్నారు గానీ అది కుదరలేదు. ఊళ్ళోని మురుగంతా చేరి, నీరు కదలక, కుళ్ళిపోయింది. కోటలో సైనికులు జబ్బు పడ్డారు. 1843లో దాన్ని ఎండగట్టించింది వెల్లింగ్టన్ డ్యూక్. టిప్పు సుల్తాన్ మీద యుద్ధంలో, 1799లో శ్రీరంగపట్నం దగ్గరున్న ఆర్థర్ వెలస్లీ ఈయనే. ఇది నాన్నకి చెప్తే, "నీళ్ళు పారకపోతే అంతే. మన కాలనీ కుంట చూళ్ళేదా" అన్నాడు.

వెల్లింగ్టన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

కోట తెరిచే వేళకే వెళ్ళి, మరి దేన్నీ చూడకుండా నేరుగా కిరీటాల దగ్గరికి నడవండి. ఈ సమీక్షలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే అది ఇదే. పదకొండు దాటితే ఆ లైను మెలికలు తిరిగి ముందున్న మైదానం దాకా వస్తుంది. మేం వెళ్ళేసరికి ముందు ముప్పై మంది కూడా లేరు. కిరీటాలు ఉండేది వాటర్లూ బ్లాక్ అనే పొడుగాటి రాతి భవనంలో. దానికి 1845లో పునాదిరాయి వేసింది కూడా వెల్లింగ్టనే. లోపల ఫొటోలు తీయనివ్వరు. అదీ ఒకందుకు మంచిదే. ఫోన్లు జేబుల్లో ఉంటే మనుషులు కళ్ళతో చూస్తారు.

చీకటి గదులు దాటుకుంటూ వెళ్తే, బంగారు దండాలు, ఖడ్గాలు అయ్యాక, కిరీటాల అద్దాల పెట్టెలు వస్తాయి. వాటి పక్కన నేల మీద కదిలే బెల్టు ఉంటుంది, విమానాశ్రయంలో లాగా. దాని మీద నిలబడితే అదే మెల్లగా తీసుకెళ్తుంది. ఎవరూ ఒకచోట నిలబడి దారి ఆపకుండా ఆ ఏర్పాటు. పెద్దవాళ్ళని ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెయ్యి పట్టుకోండి. బెల్టు నెమ్మదే గానీ చూపు కిరీటాల మీదుంటే అడుగు తడబడుతుంది.

బెల్టు మొదటిసారి ఎక్కినప్పుడు నాన్నకి రాయి కనపడలేదు. పెద్దగా మెరిసే ప్రతిదాన్నీ చూసి "అదేనా? అదేనా?" అంటుండగానే బెల్టు అయిపోయింది. కోహినూరు కంటే ఎంతో పెద్ద వజ్రాలు అక్కడున్నాయి. దక్షిణాఫ్రికాలో దొరికిన కల్లినన్ నుంచి కోసిన మొదటి ముక్క రాజదండంలో ఉంది, 530 క్యారెట్లు. రెండో ముక్క ఇంపీరియల్ స్టేట్ కిరీటంలో, 317 క్యారెట్లు. వాటి మధ్య మన రాయి 105.6 క్యారెట్లు. చూపు ఎక్కడికి పోవాలో ముందే చెప్పాలి. కోహినూరు ఉన్నది 1937లో రాణి ఎలిజబెత్ కోసం, అంటే రెండో ఎలిజబెత్ తల్లి కోసం, చేయించిన ప్లాటినం కిరీటంలో. ఊదారంగు మఖమలు టోపీ, దాని మీద తెల్లటి కమానులు, ముందువైపు శిలువ ఆకారం. ఆ శిలువ నడుమ ఉన్నదే.

లైను లేదు కాబట్టి చుట్టూ తిరిగి మళ్ళీ ఎక్కాం. రెండోసారి నేను పక్కనే నిలబడి, ఆ కిరీటం దగ్గరికి రాగానే భుజం తట్టాను. చూశాడు. తలమీదున్న ఉన్ని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. మూడోసారి, కిరీటం దాటిపోతుంటే ఇంకాసేపు చూద్దామని బెల్టుకి ఎదురుగా ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్కడ నిలబడ్డ ఉద్యోగి కంగారుపడలేదు, కసరలేదు. నవ్వుతూ చెయ్యి ముందుకి చూపించి, కావాలంటే ఇంకోసారి రమ్మని నాతో అన్నాడు. నాలుగోసారి కూడా వెళ్ళాం. అప్పుడు చెప్పాడు నాన్న: "ఇంత తెల్లగా ఉంటదనుకోలా. మన గుంతల కాడ దొరికేయన్నీ మడ్డిగా, పచ్చగా ఉండేయి. చిన్నప్పుడు వానపడ్డ మర్నాడు బర్రెల్ని తోలుకుని పోయి ఏరేవాళ్ళం. పెద్ద ఉసిరికాయంత ఉంది, అంతే."

ఉసిరికాయంత అన్న మాట నిజం. అడ్డంగా మూడున్నర సెంటీమీటర్లు, తూకం 21 గ్రాములు. అమ్మ అక్కడికక్కడే లెక్క కట్టింది, రెండున్నర సవర్ల పైన కాస్త. ఇంగ్లండుకి వచ్చేనాటికి ఇది చాలా పెద్దది, అప్పటి లెక్కలో 186 క్యారెట్లు. మెరుపు చాలదని 1852లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ మళ్ళీ సానపట్టించాడు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్ళని రప్పించారు. సానచక్రం మీద దానికి మొదటి కోత పెట్టిన చెయ్యి ఎవరిదనుకున్నారు? అదే వెల్లింగ్టన్ డ్యూక్‌ది. రాయిలో సగానికి దగ్గరగా పొడై పోయింది. నాన్నకి అన్నిటికంటే బాధ కలిగించింది ఈ మాటే. తీసుకుపోవడం గురించి అంత అనలేదు గానీ, "కోశారా?" అని రెండుసార్లు అడిగాడు.

తీసుకుపోయిన కథ తెలిసిందే. 1849లో పంజాబు ఓడిపోయాక లాహోరు ఒప్పందంలో రాయిని ఇంగ్లండు రాణికి అప్పగించాలని రాయించారు. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన మహారాజు దులీప్ సింగ్‌కి అప్పుడు పదేళ్ళు. మా అబ్బాయికి తొమ్మిది. "అంటే వాడు నాకంటే ఒక్క ఏడాదే పెద్ద. వాడికి చదవడం వచ్చా?" అని అడిగాడు. మా ఆయన వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి అంతా వివరంగా చెప్పారు. పిల్లలకి చరిత్ర ఇలాగే ఎక్కుతుంది, తమ వయసువాళ్ళు కనబడితే.

2023లో ఈ గదుల్ని కొత్తగా తీర్చారు. కోహినూరు ఒకరి నుంచి ఒకరు గెలుచుకుంటూ పోయిన రాయి అని ఇప్పుడు దాచకుండా చెప్తున్నారు. మొఘలులు, ఇరాన్ షాలు, అఫ్గాన్ అమీర్లు, సిక్కు మహారాజులు, ఆ వరసంతా ఉంది. అలా చెప్పడం మంచి మార్పు, మెచ్చుకోవాలి. కాకపోతే యజమానుల కథ ఎంత వివరంగా చెప్పినా తవ్వినవాళ్ళ గురించి ఇంకా చెప్పాల్సింది చాలా ఉంటుంది. ఈ రాయి కొల్లూరు గనిదేనని చాలామంది రాశారు. 17వ శతాబ్దంలో ఆ గనికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోశారట. ఆ చోటుని ఆ ప్రాంతపు భాషలో 'గని' అంటారని కూడా రాసుకున్నాడు. అంటే ఆయన ఇది ఏ ఊరని అడిగితే మన వాళ్ళెవరో ఇది గని అయ్యా అని చెప్పి ఉంటారు. ఆ తెలుగు మాటనే ఊరి పేరనుకుని దేశం దాటించాడు. ఇది చదివిన రోజు నుంచి ఆ జవాబు చెప్పిన మనిషి ఎవరా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నప్పుడు మా ఆయన అడిగారు, "మామయ్యగారూ, మనకి తిరిగిచ్చెయ్యాలంటారా?" అని. ఈ ప్రశ్న ఇక్కడికొచ్చిన ప్రతి భారతీయుడి నోటా వస్తుంది. ఇండియా అడుగుతుంది, పాకిస్తాన్ అడుగుతుంది, ఇరాన్, అఫ్గానిస్తాన్ కూడా మాదే అన్నాయి. నాన్న కాసేపు ఆగి, "ఇయ్యాల్సిందే అల్లుడుగారూ. కానీ ఏ ఊరికిస్తారు? ఊరు లేదుగా" అన్నాడు. మా ఆయన ఇంకేమీ అడగలేదు.

మిగతా కోట గురించి. వార్డర్లు నడిపించే టూరు వదులుకోకండి. ముప్పావు గంట పడుతుంది. ముదురు నీలం కోటు, ఎర్ర అంచులు, వెడల్పాటి టోపీ. వేషం చూసి అలంకారానికి నిలబెట్టారనుకుంటాం గానీ, సైన్యంలో కనీసం 22 ఏళ్ళు మచ్చ లేకుండా పనిచేసినవాళ్ళకే ఈ ఉద్యోగం. కుటుంబాలతో సహా కోట లోపలే కాపురం ఉంటారు. మా వార్డరు గొంతు మైకు లేకుండానే వెనకవరస దాకా వినబడింది. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళుంటే ఒక పని చేయండి. ముందురోజు రాత్రే కథంతా తెలుగులో చెప్పి ఉంచండి. నేను చెప్పలేదు. అందరూ నవ్వాక నేను తర్జుమా చేసేసరికి ఆయన ఇంకో కథలో ఉండేవాడు. అమ్మానాన్నలకు సగమే అందింది. అది నా లోపం, ఆయనది కాదు.

నది వైపు గోడలో ఉన్న ద్రోహుల ద్వారం దగ్గర మాత్రం తర్జుమా అక్కర్లేకపోయింది. వెడల్పాటి కమాను కింద చెక్క తలుపులు, లోపలికి దిగే రాతి మెట్లు. ఖైదీలని పడవలో తెచ్చి ఈ నీటి దారినే లోపలికి దించేవారు. నాన్న గోడ మీద నీటి మట్టం ఆనవాళ్ళు ఎక్కడున్నాయా అని వెతికాడు. ఎక్కడికెళ్ళినా అతను ముందు చూసేది అదే, నీళ్ళు ఎందాకా వచ్చాయని.

టవర్ గ్రీన్ అనే పచ్చిక దగ్గర ఒక గాజు దిండు ఉంది. అక్కడ తల నరికించుకున్నవాళ్ళ జ్ఞాపకం. ఎనిమిదో హెన్రీ భార్య ఆన్ బొలీన్, 1536. తొమ్మిది రోజులు రాణిగా ఉండి 1554లో చనిపోయిన జేన్ గ్రే, పదహారో పదిహేడో ఏళ్ళ పిల్ల. అమ్మ ఆ దిండు దగ్గర చాలాసేపు నిలబడింది. "ఆ పిల్లని ఎవరూ అడ్డం పడి కాపాడలేదా?" అంది. కన్నతండ్రీ, మామగారే ఆమెని సింహాసనం మీద కూర్చోబెట్టారని చెప్తే, తల అడ్డంగా ఊపి ముందుకి నడిచింది.

వైట్ టవర్ లోపలికి నాన్న, నేను, పిల్లాడు వెళ్ళాం. మెట్లు చాలా ఉన్నాయి, చివర్లో ఇరుకుగా మెలికలు తిరుగుతాయి. మోకాళ్ళు బాగోని వాళ్ళని బలవంతపెట్టకండి. అమ్మ రాలేదు. లోపల ఎనిమిదో హెన్రీ ఉక్కు కవచం, రాజుల గుర్రాల బొమ్మల వరస. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. నాన్న కిటికీ లోతు చూసి గోడ మందం లెక్కవేశాడు. అడుగున పదిహేను అడుగుల మందం. రాయిలో కొంత సముద్రం దాటించి ఫ్రాన్సులోని కాన్ నుంచి తెచ్చారు. "కొండవీట్లో కొండ రాయే తీసి కట్టారు, వీళ్ళు ఓడల్లో తెచ్చుకున్నారు" అని, ఆ గోడని అరచేత్తో రెండుసార్లు తట్టి చూశాడు, ఎద్దుని తట్టినట్టు.

జంతుశాల ఇప్పుడు లేదు. దాని గుర్తుగా అక్కడక్కడా ఇనప తీగతో అల్లిన సింహాలు, కోతులు, ఏనుగు, తెల్ల ఎలుగుబంటి బొమ్మలున్నాయి. 1252లో నార్వే రాజు పంపిన తెల్ల ఎలుగుబంటిని మెడకి తాడు కట్టి థేమ్స్‌లోకి చేపలు పట్టుకోవడానికి వదిలేవారట. మా వాడు బళ్ళోకెళ్ళి అందరికీ చెప్పిన కథ ఇదొక్కటే.

మేం పైనుంచి దిగి వచ్చేసరికి అమ్మ కాకుల దగ్గరుంది. ఈ కోటలో ఎప్పుడూ కనీసం ఆరు బొంతకాకులు ఉండాలి. అవి వెళ్ళిపోతే కోటా రాజ్యమూ రెండూ కూలిపోతాయని నమ్మకం. అందుకే వాటికి ప్రత్యేకంగా ఒక వార్డరు ఉంటాడు, పచ్చి మాంసం పెట్టి సాకుతాడు. మన కాకికి రెండింతలు ఉంటాయి, ముక్కు కత్తెరలా ఉంటుంది, దగ్గరికెళ్ళి చెయ్యి చాపొద్దు. అమ్మ మాత్రం వాటినే చూస్తూ కూర్చుంది. "పిండం పెట్టిన రోజున కాకి రాలేదని మీ తాతకి ఎంతసేపు ఎదురుచూశామో. కొత్త కాలనీలో చెట్లు లేవు, కాకులెక్కడివి. ఇక్కడ రాజుగారు జీతమిచ్చి పెంచుతున్నాడు" అంది. నాకు ఆ సంగతి తెలియదు. తాతయ్య పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, రాలేకపోయాను.

ఇబ్బందులూ చెప్పాలి. నేలంతా గుండ్రాళ్ళ పరుపు. చీర, చెప్పులతో వచ్చిన అమ్మకి రెండుసార్లు కాలు మడత పడింది. బూట్లు వేయించండి. నది గాలి మే నెలలో కూడా చెవులు కోస్తుంది. కూర్చునే చోట్లు తక్కువ. తిండి మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోండి. ఆ చుట్టుపక్కల ఒకచోట సూప్ కొంటే అమ్మ రెండు చెంచాలు తాగి పక్కన పెట్టేసింది. షుగరు ఉన్నవాళ్ళకి వేళకి తిండి పడాలి కదా. మేం బయటికొచ్చాక రెండున్నరకి నది ఒడ్డున బెంచీల మీద కూర్చుని పులిహోర, పెరుగన్నం, ఊరి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి తిన్నాం. అయిదుకి ఎన్ని చుక్కలు అంటే నాలుగున్నర ఇస్తాను. ఆ అర చుక్క గుండ్రాళ్ళకీ బెంచీలకీ తగ్గించాను.

ఆ ఒడ్డు మీద కూర్చోవడానికి టికెట్టు అక్కర్లేదు. ఎదురుగా టవర్ బ్రిడ్జి, వెనక కోట గోడ, పాత ఫిరంగులు. డబ్బు పెట్టడం ఇష్టం లేనివాళ్ళు ఇక్కడికైనా వచ్చి ఒక గంట కూర్చోండి. మేం పొద్దున లోపలికి వెళ్ళేముందు ఇటు ఒకసారి వచ్చాం. అప్పుడు నీళ్ళు గోడకి తగులుతున్నాయి. ఇప్పుడు చూస్తే మనిషి ఎత్తుకి రెండింతలు దిగిపోయి, కింద బురదా గులకరాళ్ళూ బయటపడ్డాయి. నాన్న ముద్ద చేతిలో పట్టుకునే లేచి వెళ్ళి కటకటాల మీదుగా వంగి చూశాడు. "అమ్మాయ్, ఇందాక ఈడ దాకా ఉన్నయ్యి గదా?" పాటు సమయమని, సాయంత్రానికి మళ్ళీ నిండుతుందని చెప్పాను. "రోజూనా?" అన్నాడు. రోజూ రెండుసార్లు అన్నాను.

చెయ్యి కడుక్కొచ్చి, మా బాబాయికి ఫోన్ చేశాడు. అక్కడ అప్పటికి రాత్రి ఏడు దాటింది. రాయి చూశానని చెప్పాడు, ఉసిరికాయంతే ఉందని చెప్పాడు, కోశారని చెప్పాడు. బాబాయి అటు నుంచి ఏదో చాలాసేపు మాట్లాడాడు. ఎండాకాలం కదా, పులిచింతలలో నీళ్ళు బాగా తగ్గాయట. ఊరివాళ్ళు కొందరు బళ్ళ మీద చూసి వచ్చారట.

నాన్న ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. కళ్ళు మాత్రం కింద గులకరాళ్ళ మీదే ఉన్నాయి.

"రామాలయం అరుగు తేలిందంటనా? మన ఇంటి మెట్లు? సరిగ్గా చూశారా, మన మెట్లేనా?"